జి.డి. నాయుడు గారి బైకు, మా తాతయ్య కారు

ముందే చెప్తున్నా, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఒత్తులు, దీర్ఘాలు తేడా కొడితే సర్దుకుని చదవండి.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లెటూరు. ఇంటి వెనక రేకుల షెడ్డులో మిర్చి టిక్కీల పక్కన ఒక ప్రీమియర్ పద్మిని ఉంటుంది. నాన్న టెన్త్ చదివేటప్పుడు మిరప బాగా పండిందని తాతయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు. మా ఇంటికి వచ్చిన మొదటి కారు అదే. తాతయ్య పోయాక దాన్ని ఎవరూ కదిలించలేదు. ఇంటర్ సెలవుల్లో నేను వీడియో చూసి దాని కార్బురేటర్ విప్పాను. విప్పడానికి గంట పట్టింది. బిగించడం మాత్రం రాలేదు. అప్పటి నుంచీ ప్రతి సెలవుల్లో అదే పని. ఈ ఏడు కాయ కోతలు అయ్యాక పాత ఇనుము వాళ్ళకి ఇచ్చేద్దామని నాన్న అంటున్నారు.

ఇంతలో ఒక కాలేజీ ఫెస్ట్ కోసం కోయంబత్తూరు వెళ్ళాం. అక్కడ అవినాశి రోడ్డులో ఉన్న జీడీ కార్ మ్యూజియానికి ఫ్రెండ్స్ లాక్కెళ్ళారు. లోపల పాత కార్లు వరసగా తళతళలాడుతూ ఉన్నాయి. వాటికంటే, ఆ మ్యూజియం ఎవరి పేరు మీద ఉందో ఆయన కథే నాకు ఎక్కువ నచ్చింది. హాస్టల్‌కి వచ్చాక ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో పుట్టారు. తెలుగు మాట్లాడే రైతు కుటుంబం. బడి ఆయనకి అస్సలు పడలేదు, చిన్న తరగతుల్లోనే మానేశారు. ఒకరోజు ఆ వైపు ఒక తెల్లదొర రడ్జ్ కంపెనీ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా బండి ఎలా నడుస్తోందో ఆ కుర్రాడికి అర్థం కాలేదు. అర్థం కాకపోతే మనం వదిలేస్తాం. ఆయన వదల్లేదు. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వర్‌గా చేరారు. ఏళ్ళ తరబడి జీతం దాచి, అలాంటి బండే కొన్నారు. దాని మీద షికార్లు కొట్టడం కంటే ముందు మొత్తం విప్పేశారు. ప్రతి ముక్కా చూసి, ఏది దేనికో తెలుసుకుని, మళ్ళీ బిగించారు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ అదే అనుకోవచ్చు. సిలబస్ లేదు, సార్ లేడు, చెడితే పోయేది సొంత డబ్బు.

తర్వాత జీవితం తిన్నగా ఏమీ సాగలేదు. పత్తి వ్యాపారంలోకి దిగి బాగా సంపాదించారు. బొంబాయి పత్తి మార్కెట్‌కి వెళ్ళి అదంతా పోగొట్టుకుని వచ్చారు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఈ ముక్క వేరే చెప్పక్కర్లేదు. పత్తి రేటు ఏం చేస్తుందో మనిళ్ళల్లో అందరికీ తెలుసు. చేతిలో ఏమీ లేని ఆ టైంలో కోయంబత్తూరులో స్టేన్స్ దొర సాయంతో ఒక బస్సు తీసుకున్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య దాన్ని ఆయనే డ్రైవ్ చేశారు. ఒక్క బస్సుతో మొదలైన ఆ యుఎమ్ఎస్ కొన్నేళ్ళకి పెద్ద బస్సుల కంపెనీ అయింది.

అక్కడితో ఆగుంటే ఆయన ఒక పెద్ద బస్సుల ఓనర్, అంతే. కానీ ఆయనకి ఏ వస్తువు చూసినా లోపల ఏముందో చూడాలి. 1937లో ఆయన ఫ్యాక్టరీలో బాలసుందరం నాయుడు గారితో కలిసి తయారు చేసిన ఎలక్ట్రిక్ మోటార్‌ని దేశంలో తొలి మోటార్‌గా చెప్పుకుంటారు. ఇప్పుడు కోయంబత్తూరు అంటే పంపుసెట్లు, మోటార్లు. మా బోరు మోటార్ మీద కూడా ఆ ఊరి పేరే ఉంది. గడ్డం గీసుకునే కరెంటు రేజర్, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాన్, పళ్ళరసం తీసే మెషిన్, ఓట్లు నమోదు చేసే మెషిన్ కూడా చేశారు. అయిదు వాల్వుల రేడియో 70 రూపాయలకే చేసివ్వగలనని 1941లో ప్రకటించారు. పొలంలో కొత్త పత్తి రకాలు, బొప్పాయి రకాలు పెంచారు.

1952లో రెండు సీట్ల పెట్రోల్ కారు తయారు చేశారు. ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్స్ ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. ఒక మోటార్ సైకిల్ చూసి ఆశ్చర్యపోయిన కుర్రాడు చివరికి సొంతంగా కారు చేసి కూడా దాన్ని రోడ్డు మీదకి తేలేకపోయాడు. ఇది చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

మనకి బాగా తగిలే విషయం ఇంకొకటి ఉంది. ఆయన విరాళంతో, ఆయన పట్టుదలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. 1945లో ఆయనే ప్రిన్సిపాల్. బడి మానేసిన మనిషి ఇంజనీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్! నాలుగేళ్ళ కోర్సు టైం వేస్ట్, రెండేళ్ళు చాలని ఆయన వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేసేశారు.

ఇది చదివి మొదట నాకు సంబరం వేసింది. రెండేళ్ళలో అయిపోతే ఎంత బావుండు అని గ్రూపులో మెసేజ్ కూడా పెట్టాను. తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. తక్కువ నేర్చుకోవడం కోసం ఆయన రెండేళ్ళు అడగలేదు. పొద్దస్తమానం వర్క్‌షాపులో ఉండి చేత్తో పని చేసే మనిషి లెక్క అది. నేనేమో నెట్‌లో దొరికిన కోడ్ పేస్ట్ చేసి, రన్ అయితే చాలనుకుని రికార్డ్ సబ్మిట్ చేసే రకం. అందులో ఒక లైన్ తీసేస్తే ఏమవుతుందో నాకే తెలీదు. అలా అయితే నాకు రెండేళ్ళు కాదు, పదేళ్ళిచ్చినా చాలవు.

నాయుడు గారు 1974 జనవరి 4న పోయారు.

సంక్రాంతికి ఇంటికెళ్ళి మళ్ళీ షెడ్డులోకి దూరాను. ఈసారి వీడియో పెట్టలేదు. కార్బురేటర్ మొత్తం విప్పి, ప్రతి ముక్కా నాయనమ్మ పాత పచ్చడి సీసాల్లో వేసి, పేరు రాసి అంటించాను. ఏళ్ళ తరబడి నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి, జిగురు మిగిలి జెట్ సన్నటి కంత మూసుకుపోయింది. పెట్రోల్ గాలితో కలిసేది ఆ కంతలోంచి వచ్చాకే. మూడేళ్ళుగా నేను దాన్ని పైపైన తుడుస్తున్నా గానీ, అది ఎందుకుందో ఆలోచించలేదు. ఊళ్ళో ట్రాక్టర్ మెకానిక్ మావయ్య ఎలుకలు కొరికిన వైర్లు మార్చిపెట్టాడు.

కనుమ రోజు సాయంత్రం ఇంజన్ అంటుకుంది. అర నిమిషం దగ్గి ఆగిపోయింది. రెండోసారి కొడుతుంటే నాన్న షెడ్డులోకి వచ్చారు. ఏమీ మాట్లాడకుండా కిటికీలోంచి చెయ్యి పెట్టి చోక్ కొంచెం లోపలికి తోశారు. ఈసారి ఆగలేదు. ఆ బండికి చోక్ ఎంత తోయాలో ఆయన చేతికి ఇంకా గుర్తుంది.

బ్రేకులు ఇంకా లేవు, కింద రేకు తుప్పు పట్టింది. వచ్చే వేసవి దాకా ఆగుతానని నాన్న అన్నారు. ఎండాకాలం సెలవుల్లో చిలకలూరిపేట వైపు ఎవరైనా వస్తే చెప్పండి, పని చాలా ఉంది.