పేరు కోరని సేవకుడు: డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు



మామిడికి అంటు కట్టడం మీరు చూసే ఉంటారు. ఒక చెట్టు కొమ్మను మరో మొక్కకు చేర్చి కడితే కొన్నాళ్లకు రెండూ ఏకమై కాయలు కాస్తాయి. మనిషి శరీరం అలా కాదు. ఒకరి చర్మాన్నో, మూత్రపిండాన్నో, పేగునో, చేతినో మరొకరికి అమర్చితే శరీరం దాన్ని పరాయిదిగా గుర్తించి తోసివేయాలని చూస్తుంది. రోగాల నుండి కాపాడడానికి దేవుడు మనకిచ్చిన కాపలాయే అప్పుడు అడ్డు తగులుతుంది. ఆ అడ్డును దాటడానికి జరిగిన కృషిలో ఒక తెలుగువాని పాలు కూడా ఉంది. ఆయన శస్త్రచికిత్సలు చేసినవాడు కాదు. అవయవ మార్పిడి విజయాన్ని కళ్లారా చూసినవాడూ కాదు. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో ఒక పేద కుటుంబంలో పుట్టారు. చిన్నతనంలో చదువు మీద మనసు నిలవలేదు. 13 ఏళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని ఇల్లు వదిలి బయలుదేరితే తల్లి వెంకమ్మగారు పట్టి తెచ్చి మళ్లీ బడికి పంపారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మన కోడుమూరు ప్రాంతంలో పిల్లవాడు పదో తరగతి తప్పగానే ఇక చదువు రాదని తేల్చి సుగ్గికి వెంటబెట్టుకుపోయే తల్లిదండ్రులు ఉన్నారు. వెంకమ్మగారు ఆ రోజు అలాగే అనుకుని ఉంటే లోకం ఎంత నష్టపోయేదో ఆలోచించండి.

యువకుడైన సుబ్బారావు రామకృష్ణ మఠంలో చేరి సన్యాసి కావాలనుకున్నారు. మఠంవారు ఆయన్ను వైద్యం చదివి ప్రజలకు సేవ చేయమన్నారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన శస్త్రచికిత్స ఆచార్యునికి కోపం వచ్చింది. దాని ఫలితంగా పూర్తి పట్టా కాకుండా తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన ఇంట్లో ప్రవేశించింది. ఈ జబ్బులో పేగులు ఆహారంలోని సారాన్ని తీసుకోలేవు. మనిషి తింటూనే క్షీణించిపోతాడు. కొద్ది రోజుల తేడాతో ఇద్దరు సోదరులు దానికి బలయ్యారు. సుబ్బారావుకూ అది సోకింది. ఆయుర్వేద వైద్యంతో ఆయన బతికి బయటపడ్డారు. ఆ దుఃఖం ఆయన్ను వదలలేదు.

1920ల ఆరంభంలో దాతల సాయంతో, మామగారి సాయంతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డులో చదువుకుంటూ, పొట్ట గడవడానికి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడిగే పని చేశారు. వైద్యం చదివినవాడు ఆ పనికి సిగ్గుపడలేదు. ఆయన అక్కడి నుండి వెళ్లిపోయిన చాలా ఏళ్లకు, 1954 డిసెంబర్ 23న, అదే ఆసుపత్రిలో డాక్టర్ జోసెఫ్ మర్రే కవల సోదరుల మధ్య ప్రపంచంలోనే మొట్టమొదటి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి చేశారు. మర్రే కతోలిక విశ్వాసి. యుద్ధంలో కాలిపోయిన సైనికులకు చర్మం అతికే పని చేస్తూ, పరాయి చర్మం ఎందుకు నిలవదన్న ప్రశ్నతో ఆయన ఈ దారిలోకి వచ్చారు. కవలల శరీరాలు ఒకదాన్నొకటి పరాయిగా చూడవు కాబట్టి ఆ మూత్రపిండం నిలిచింది. కవలలు కాని మిగిలినవారి సంగతేమిటి? వారికి మందులు కావాలి.

సుబ్బారావుగారు హార్వర్డులో ఆచార్యుడు ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీశారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు. 1940లో లెడర్లే పరిశోధనశాలకు వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆయన సోదరులను మింగిన ఆ స్ప్రూ జబ్బుకే అది మందయింది. బోదకాలుకు కారణమైన క్రిములను చంపే హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశిని కూడా ఆయన నాయకత్వంలో వచ్చినవే.

తర్వాత ఆయన మరో సంగతి గ్రహించారు. వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. అచ్చం దానిలాగే కనిపించి పనిచేయని పదార్థాన్ని ఇస్తే? తాళంలో తప్పు చెవి ఇరుక్కున్నట్లు కణాల పెరుగుదల ఆగిపోతుంది. అలా వచ్చినవే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ ఇవ్వగా 10 మందిలో జబ్బు కొంతకాలం తగ్గింది. ఆ వార్త 1948లో వెలువడింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు.

ఆయన పోయాక మెథోట్రెక్సేట్‌కు మరో పని దొరికింది. రక్త క్యాన్సర్ రోగికి వేరొకరి ఎముక మూలుగును ఎక్కించినప్పుడు, కొత్త మూలుగులోని కణాలే రోగి చర్మం మీద, కాలేయం మీద, పేగుల మీద దాడి చేస్తాయి. అతిథి వచ్చి ఇంటివాణ్ని కొట్టినట్లన్నమాట. మార్పిడి తర్వాత కొద్ది మోతాదుల్లో ఇచ్చే మెథోట్రెక్సేట్ ఆ దాడిని అణచగలదని డాక్టర్ డొనాల్ థామస్ బృందం చూపింది. 1990లో థామస్‌కూ మర్రేకూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. పేగులను, చేతులను మార్చడం ఇంకా కష్టం. పేగుల గోడల నిండా ఈ కాపలా కణాలుంటాయి. చేతి చర్మమైతే అన్నిటికంటే త్వరగా తిరస్కరణకు గురవుతుంది. ఆ చికిత్సల్లో నేడు వాడే ముఖ్యమైన మందులు వేరే. కాని తిరగబడే కణాలను మందుతో అదుపు చేయవచ్చన్న నమ్మకానికి సుబ్బారావుగారి మందు ఒక తొలి మెట్టు. 1998లో ఫ్రాన్సులోని లియాన్‌లో చేయి మార్పిడి జరిగింది. 2015లో కొచ్చిలో ఒక యువకునికి రెండు చేతులూ అమర్చారు.

ఈ జీవితంలో లోటు లేదని చెప్పలేం. పసికందుగానే కొడుకు పోయాడు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయన తిరిగి రాలేదు. లోకానికి అందిన మేలులో ఆ ఇల్లాలి కన్నీరు కూడా కలిసి ఉందని మనం మరువకూడదు. గొప్ప పనుల వెనుక పేరు లేని త్యాగాలు ఎన్నో ఉంటాయి.

పాఠకులారా, మందు ఉంది, వైద్యులు ఉన్నారు, 1994 నుండి చట్టం ఉంది. 2011 సవరణతో కణజాలాలు కూడా ఆ చట్టంలో చేరాయి. లేనిదల్లా దాతలే. మన విచారణల్లో కొందరికి ఒక భయం ఉంది. కళ్లు లేకుండా, గుండె లేకుండా పాతిపెడితే పునరుత్థాన దినాన ఎలా లేస్తామని. మట్టి నుండి మనిషిని చేసిన దేవునికి అది కష్టమా? హతసాక్షులు ఎందరో దేహాలు ఛిద్రమై పోలేదా? శ్రీసభ అవయవ దానాన్ని ప్రేమ కార్యంగా మెచ్చుకుంటుంది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1995లో జీవ సువార్త లేఖలో దాన్ని కొనియాడారు. అయితే అవయవాలను అమ్మకూడదు, దాత సమ్మతి ఉండాలి, దానం కోసం ఎవరి మరణాన్నీ తొందరపెట్టకూడదు.

అన్నిటికంటే మన ఊళ్లలో సులువైనది నేత్రదానం. మరణించిన సుమారు 6 గంటల లోపు కంటి మీది పారదర్శక పొరను తీసుకుంటే మరొకరికి చూపు వస్తుంది. కంటినిండా దుఃఖం ఉన్న గడియలో ఈ మాట ఎత్తడం ఎవరికీ చేతకాదు. కాబట్టి ఇప్పుడే, అందరూ క్షేమంగా ఉన్నప్పుడే, సాయంత్రం జపమాల ముగిశాక ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకోండి. మీ కోరిక ఏమిటో పిల్లలకు తెలియజెప్పండి. మన కోసం తన శరీరాన్నే ఇచ్చిన క్రీస్తునాథుడు మీ నిర్ణయాన్ని దీవించును గాక.