ఆహారవిజ్ఞాన దీపిక – ఎలెన్ రిచర్డ్స్

అన్నాన్ని పరబ్రహ్మ స్వరూపంగా భావించిన జాతి మనది. ఆ అన్నాన్నే ప్రయోగశాలలో పరీక్షించి, దాని గుణదోషాలను లోకానికి బోధించడం జీవితధ్యేయంగా చేసుకొన్న అమెరికా విదుషీమణి ఎలెన్ స్వాలో రిచర్డ్స్.

ఎలెన్ 1842 డిసెంబరు 3వ తేదీన మాసచూసెట్స్ రాష్ట్రంలోని డన్‌స్టబుల్‌లో జన్మించింది. తల్లిదండ్రులకు ఏకైక సంతానం. ఆర్థికమైన ఇబ్బందుల వల్ల ఇరవై అయిదేళ్ళు నిండిన తరువాత గాని ఆమెకు వాసర్ కళాశాలలో చేరే అవకాశం కలగలేదు. 1870లో అక్కడ పట్టం పొంది, రసాయనశాస్త్రాభ్యాసానికై మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశించింది. ఆ సంస్థలో చేరిన తొలి మహిళ ఆమెయే. రుసుము లేకుండా చేర్చుకొన్నందుకు అది తన పేదరికంపై చూపిన దయ అనుకొంది. ఎవరైనా ఆక్షేపిస్తే ఆమె తమ విద్యార్థిని కాదని చెప్పుకోవడానికే అలా చేశారని తరువాత తెలిసింది. అయినా ఆమె చలించలేదు. 1873లో పట్టభద్రురాలై, 1884 నుండి అక్కడే పారిశుద్ధ్య రసాయనశాస్త్రాన్ని బోధించింది.

1890లో మేరీ హిన్‌మన్ ఏబెల్ సహకారంతో బోస్టన్ నగరంలో ‘న్యూ ఇంగ్లండ్ కిచెన్’ అనే వంటశాల నెలకొల్పింది. పేదలకు చౌకగా పుష్టికరమైన ఆహారం అందించడం, వండే విధానాన్ని కళ్ళెదుట చూపి నేర్పడం దాని ఆశయాలు. కాని ఆ పేదలే దానిని ఆదరించలేదు. వలస వచ్చిన కుటుంబాలు తమకు అలవాటైన రుచులను వదులుకోలేకపోయాయి. ఈ వైఫల్యం ఆమెకు గుణపాఠమైంది. మొక్కగా ఉన్నప్పుడు వంగనిది మానైన తరువాత వంగదు కదా!

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆమె నిర్వహించిన వంటశాలలో వడ్డించే ప్రతి భోజనానికీ అందలి పోషకాల వివరాలు తెలియజేశారు. మరుసటి ఏడాది నుండి బోస్టన్ ఉన్నత పాఠశాలల విద్యార్థులకు ఆమె వంటశాల నుండే మధ్యాహ్న భోజనం అందసాగింది. పెద్దలు తిరస్కరించిన ఆహారాన్ని పిల్లలు స్వీకరించారు. అదే 1894లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మేరియన్ టాల్బట్‌తో కలసి విద్యార్థుల ఆహారంపై ఒక గ్రంథం ప్రచురించింది. తినే తిండికీ చదివే చదువుకూ గల సంబంధాన్ని శాస్త్రదృష్టితో పరిశీలించిన గ్రంథమది.

1908లో ఏర్పడిన అమెరికా గృహవిజ్ఞాన సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలైంది. 1911 మార్చి 30వ తేదీన కన్నుమూసింది. నేడు మన కళాశాలలలోనూ గృహవిజ్ఞానం పాఠ్యాంశమే.

ఇల్లు విడిచి వసతిగృహంలో చేరిన విద్యార్థికి ఏమి తినాలో నిర్ణయించుకొనే స్వేచ్ఛ మొదటిసారిగా లభిస్తుంది. ఆ స్వేచ్ఛకు వివేకం తోడు కావాలి. పుస్తకంలో చదివిన పోషకాహార పాఠం కంచంలో కనిపించినప్పుడే ఆ చదువు సార్థకమని ఎలెన్ జీవితం మనకు తెలుపుతున్నది.