దామెర్ల రామారావు

ఆంధ్రదేశమున నవీన చిత్రకళకు త్రోవ చూపిన దామెర్ల రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. చదువుకంటె బొమ్మలమీదనే మక్కువగల ఆ బాలుని కళాశాలాధ్యక్షుడును చిత్రకారుడును అగు కూల్డ్రే దొర గుర్తించి, ప్రోత్సహించి, 1916లో బొంబాయి జె. జె. కళాశాలలో చేరుటకు తోడ్పడెను.

అది కలకత్తాలో అవనీంద్రనాథ ఠాకూరు నెలకొల్పిన వంగశైలి దేశమంతట వ్యాపించుచున్న కాలము. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయులు తెలుగు యువకులకు ఆ మార్గమునే నేర్పిరి. రామారావు కేవలము ఆ బాటనే పట్టక, బొంబాయిలో అభ్యసించిన శరీరనిర్మాణ జ్ఞానమునకు మన పూర్వుల రేఖను జోడించెను. తెలుగు పడుచుల కట్టును బొట్టును, గోదావరి తీరమును ఆయన పటములలోనికి వచ్చినవి. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము, నందిపూజ చూచినవారి కీ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

స్వస్థలముననే చిత్రకళాశాల స్థాపించి శిష్యులను తీర్చుచుండగా, 1925 ఫిబ్రవరి 6న మశూచికము ఆయనను పొట్టన పెట్టుకొనెను. ఇరువదియెనిమిదేండ్లయిన నిండలేదు. టీకా యెరుగని రోగమా అది! భార్య సత్యవాణియు చిత్రకారిణియే. మిత్రుడు వరదా వెంకటరత్నము పాఠశాలను నిలబెట్టెను. రామారావు పటములు రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో నేటికిని ఉన్నవి. గోదావరీస్నానమునకు పోవువారు ఆ గుమ్మమును కూడ ఒకసారి తొక్కవచ్చును.