ఇరవై ఒక్క ఏళ్ళ ట్యాంకు కమాండరు

పెద్దల జీవితాలు రాసేటప్పుడు మామూలుగా వారి చదువు, ఉద్యోగం, పెళ్ళి, బిడ్డలు, కట్టించిన బడులు, రాసిన పుస్తకాలు అన్నీ వరుసగా చెప్పుకుంటూ వస్తాము. ఈసారి మన సావనీరు కొరకు మేము ఎంచుకున్న జీవితంలో ఇవేవీ లేవు. ఇరవై ఒక్క సంవత్సరాల రెండు నెలలకే అది ముగిసిపోయింది. ఉద్యోగం చేసింది ఆరు నెలలు. అయినా ఆ పేరు దేశమంతటా నిలిచిపోయింది. ఆయనే పరమవీరచక్ర సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్.

మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. ఫిరంగులూ ట్యాంకులూ మాకేం తెలుసు? ఒకరోజు క్లాసులో ఈయన కథ చెబుతూ ఉంటే, కాలిపోతున్న ట్యాంకులోనుంచి దిగిపొమ్మని పై అధికారి చెప్పినా అరుణ్ దిగలేదన్నాము. అప్పుడు వెనక బెంచీలోని ఒక పిల్లవాడు లేచి, పెద్దల మాట వినకపోవడం తప్పు కాదా సార్ అని అడిగాడు. రోజూ పెద్దల మాట వినండర్రా అని చెప్పేది మేమే కదా! వెంటనే జవాబు తోచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ చదివిన సంగతులే ఇక్కడ రాస్తున్నాము.

అరుణ్ 1950 అక్టోబరు 14న పూనాలో జన్మించాడు. వారి కుటుంబం మొదట సర్గోధా ప్రాంతానిది. దేశవిభజనతో ఆ ఊరు పాకిస్తానుకు పోయింది, వీరు ఇటు వచ్చేశారు. ఇంట్లో సైనికవృత్తి తరతరాలుగా వస్తున్నది. తాతగారు మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేశారు. తండ్రి ఎం.ఎల్. ఖేత్రపాల్ సైన్యంలో ఇంజనీర్ల దళపు అధికారి, తర్వాత బ్రిగేడియరు అయ్యారు. కొండల మీద సనావర్‌లోని లారెన్స్ స్కూల్లో అరుణ్ చదువుకున్నాడు. 1967లో నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరి, ఆ తర్వాత డెహ్రాడూన్‌లో శిక్షణ పూర్తిచేసుకుని, 1971 జూన్ 13న 17 పూనా హార్స్ అనే ట్యాంకుల రెజిమెంటులో అధికారి అయ్యాడు.

ఈ రెజిమెంటుకూ మన హైదరాబాదుకూ ఒక సంబంధం ఉన్నది. 1965 యుద్ధంలో దీనికి నాయకుడైన లెఫ్టినెంట్ కర్నల్ అర్దెషీర్ తారాపూర్ అంతకుముందు నిజాం సంస్థానపు సైన్యంలో, హైదరాబాద్ లాన్సర్స్‌లో పనిచేసినవారు. సంస్థానం విలీనమైన తర్వాత పూనా హార్స్‌కు వచ్చారు. 1965 సెప్టెంబరు 16న సియాల్‌కోట్ రంగంలో ట్యాంకు యుద్ధం చేస్తూ అమరులై పరమవీరచక్ర పొందారు. ఆ యుద్ధం తర్వాత ఎదుటివారే ఈ రెజిమెంటును ఫఖ్రె హింద్ అని పిలిచేవారని చెప్పుకుంటారు. ఫఖ్ర్ అంటే గర్వకారణం. శత్రువు నోట వచ్చిన మెచ్చుకోలు కంటే సైనికుడికి ఏం కావాలి? అట్లాంటి పేరున్న చోట ఈ కుర్రవాడు కాలుపెట్టాడు.

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. అప్పటికి అరుణ్ అహమద్‌నగర్‌లో కొత్త అధికారుల కోర్సులో ఉన్నాడు. కోర్సు ఆపి రెజిమెంటుకు పొమ్మన్నారు. దారిలో ఢిల్లీలో ఇంటికి వచ్చిపోయాడు. సామానులో గోల్ఫ్ ఆడే కర్రలు, విందులలో వేసుకునే యూనిఫారం సర్దుకున్నాడట. ఎందుకురా ఇవి అంటే, గెలిచాక లాహోరులో ఆడడానికి, అక్కడ విందుకు పోవడానికి అన్నాడట. కుర్రతనం, ఇంకేముంది! తల్లి మాత్రం నవ్వలేదు. తాతా తండ్రీ సింహాల్లా పోరాడారు, నువ్వూ అట్లాగే పోరాడు, పిరికివాడివై తిరిగిరావద్దు అని చెప్పి పంపింది. ఏ తల్లి నోటికైనా అది తేలికగా వచ్చే మాటా?

ఇక యుద్ధరంగం సంగతి. జమ్మూ నుంచి పఠాన్‌కోట్ పోయే రోడ్డుకు దగ్గరగా షకర్‌గఢ్ అనే పాకిస్తాను ప్రాంతం మన వైపుకు పొడుచుకుని ఉంటుంది. ఎవరైనా అక్కడినుంచి ముందుకు వచ్చి ఆ రోడ్డు తెంపితే కాశ్మీరుకు దారి కష్టమవుతుంది. అందుకని మన సైన్యమే ముందు ఆ ప్రాంతంలోకి అడుగుపెట్టింది. మధ్యలో బసంతర్ నది, దాని చుట్టూ మైళ్ళ కొద్దీ మందుపాతరలు. డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళం నది దాటి అవతలి గట్టున పట్టు సంపాదించింది. వారికి అండగా ట్యాంకులు పోవాలి. ఇంజనీర్లు మందుపాతరలు తీస్తున్నారు గాని పని ఇంకా పూర్తి కాలేదు. అవతలివైపు శత్రువు ట్యాంకుల కదలిక కనబడుతున్నది. ఆగితే అక్కడివారి గతి ఏమిటి? పూనా హార్స్ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హనూత్ సింగ్ ఆ పాతరల మధ్యనుంచే ట్యాంకులు నడిపించారు.

16వ తేదీ ఉదయం 8 గంటల వేళ జర్పాల్ గ్రామం దగ్గర పొగతెర వేసుకుని పాకిస్తాను 13 లాన్సర్స్ ట్యాంకులు విరుచుకుపడ్డాయి. అవి అమెరికాలో తయారైన ప్యాటన్ ట్యాంకులు. మనవి బ్రిటిషు సెంచూరియన్లు. అక్కడున్న మన స్క్వాడ్రన్ తక్కువ ట్యాంకులతో ఉండి సహాయం కావాలని వైర్లెస్‌లో అడిగింది. వేరే స్క్వాడ్రన్‌లో ఉన్న అరుణ్ ఆ పిలుపు విని తన బృందంతో బయలుదేరాడు. దారిలో శత్రువుల కాపలా స్థావరాలు కాల్పులు జరిపితే వాటి మీదికే ట్యాంకులు నడిపి దాటుకుని పోయాడు.

తర్వాత జరిగినది ఎదురెదురు ట్యాంకు పోరు. ఆ పోరులో శత్రువు ట్యాంకులు పది దెబ్బతిన్నాయి, అందులో నాలుగు అరుణ్ కొట్టినవే. మన వైపూ నష్టమే. అరుణ్‌తో ఉన్న రెండు ట్యాంకులలో ఒకదాని అధికారి గాయపడ్డాడు, మరొకదాని ఫిరంగి పనిచేయడం మానేసింది. ఇంతలో ఫామాగుస్తా అనే పేరుగల అరుణ్ ట్యాంకుకూ గుండు తగిలి నిప్పంటుకున్నది. దిగి ప్రాణం కాపాడుకోమని ఆజ్ఞ వచ్చింది. తన ఫిరంగి ఇంకా పనిచేస్తున్నదనీ, ట్యాంకు వదలననీ చెప్పి అరుణ్ వైర్లెస్ కట్టేశాడు. నూరు గజాల లోపలికి వచ్చిన మరొక ట్యాంకును కొట్టాడు. ఆ వెంటనే రెండో గుండు తగిలింది. అదే ఆఖరు. అతనితోపాటు వైర్లెస్ చూసే సవార్ నంద్ సింగ్ కూడా ప్రాణం విడిచాడు. శత్రువు మాత్రం ఆ చోట చొరబడలేకపోయాడు.

ఆరోజే ఢాకాలో పాకిస్తాను సైన్యం లొంగిపోయింది. మర్నాడు రాత్రి 8 గంటలకు పశ్చిమాన కూడా కాల్పులు ఆగాయి. యుద్ధం అయిపోయింది, ఇక అబ్బాయి వస్తాడని ఇంట్లో ఎదురుచూస్తుంటే వచ్చింది టెలిగ్రాం! తర్వాత ప్రభుత్వం పరమవీరచక్ర ప్రకటించింది. అప్పటికి ఆ పతకం పొందినవారిలో అందరికంటే చిన్నవాడు అరుణే. నేషనల్ డిఫెన్స్ అకాడమీలో కవాతు మైదానానికి అతని పేరు పెట్టారు.

కథ ఇక్కడితో ముగియలేదు. ముప్ఫై సంవత్సరాలకు, 2001లో, ఎనభై ఏళ్ళు దాటిన తండ్రి తన పాత ఊరు సర్గోధా చూసుకోవాలని పాకిస్తాను వెళ్ళారు. లాహోరులో బ్రిగేడియర్ ఖ్వాజా మొహమ్మద్ నాసిర్ అనే రిటైరు అయిన అధికారి తన ఇంట్లో ఉంచుకుని ఎంతో ఆదరించారు. తిరిగి వచ్చేముందు రాత్రి ఆయన ఒక మాట చెప్పారు. 1971లో 13 లాన్సర్స్‌లో తాను మేజర్‌ననీ, అరుణ్ ట్యాంకును కొట్టింది తానేననీ, ఆ కుర్రవాడు బండరాయిలా తమకు అడ్డం నిలబడ్డాడనీ, అతని ధైర్యానికి సలాం చేస్తున్నాననీ చెప్పారు. అన్నం పెట్టిన చేయే కన్నకొడుకును తీసుకున్న చేయి అని తెలిసిన తండ్రి గుండె ఎట్లా ఉండి ఉంటుంది! అయినా ఆ పెద్దాయన కోపం చూపలేదు. ఇద్దరూ సైనికులే, ఇద్దరూ తమ తమ విధి చేసినవారే. మర్యాదతోనే వీడ్కోలు జరిగింది.

నాసిర్ సాహెబు నోరు మెదపకుండా ఉండవచ్చు. ఎవరికి తెలుస్తుంది? ఇంటికి వచ్చిన మెహమాన్ సంతోషంగా వెళ్ళిపోయేవాడు. కాని నిజం దాచి మర్యాద చేయడం ఆయన మనసు ఒప్పుకోలేదు. యుద్ధరంగంలో చూపే ధైర్యం ఒకటైతే, ఇది మరొకటి. ఆ మాట విని సహించిన తండ్రిది మూడోది. మన పిల్లలకు ఈ మూడూ చెప్పాలి. మొదటిది ఒక్కటే చెప్పి ఊరుకుంటే వాళ్ళకు ఫిరంగి మోత మాత్రమే వినబడుతుంది.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న. పెద్దల మాట వినాలి, అందులో సందేహం లేదు. కాని ఆ ఆజ్ఞ అరుణ్ ప్రాణం కాపాడడానికి వచ్చింది. అతను చూసింది వెనకనున్నవారి ప్రాణాలను. పక్క ట్యాంకులు రెండూ పనికిరాకుండా పోయిన ఆ క్షణంలో తానూ దిగిపోతే ఆ సందులో నిలిచేవాడు లేడు. తన సుఖం కొరకు మాట దాటితే అది తప్పు. తోటివారి కొరకు తన ప్రాణం పెట్టి మాట దాటినవాణ్ణి తప్పు పట్టే అర్హత మాకైతే లేదు.

ఈ జవాబు దొరికేసరికి ఆ పిల్లవాడు పై తరగతికి వెళ్ళిపోయాడు. ఈ సావనీరు అచ్చయి రాగానే ఒక ప్రతి తీసుకుపోయి అతని చేతికి ఇవ్వాలని అనుకుంటున్నాము.