ఇప్పసారా కుండకు వకాల్తా పుచ్చుకున్న వెరియర్ ఎల్విన్

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నంలో ముగుస్తుంది. ఒకప్పుడు బస్తర్ సంస్థానంలో అదొక జమీందారీ. ఇప్పటికీ తెలుగు బాగా వినిపించే ఊరు. మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే ఈ అడవుల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ ఇప్పపూలు ఏరడానికి బయల్దేరతారు. ఎండబెట్టిన పువ్వులో కొంత తిండికి, కొంత అమ్మకానికి, కొంత సారాకు. ఆ సారాను తన ఇంటి కోసం కాచుకోవడం నేరమా, హక్కా? ఈ ప్రశ్నను ఏళ్ల తరబడి వదలకుండా అడిగినవాళ్లలో ఒక ఇంగ్లిష్ బిషప్ కొడుకు ఉన్నారు. ఆయనే వెరియర్ ఎల్విన్.

1902 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని డోవర్‌లో పుట్టారు. తండ్రి ఆఫ్రికాలోని సియెరా లియోన్‌కు బిషప్. ఆక్స్‌ఫర్డ్‌లో సాహిత్యం, క్రైస్తవ మతశాస్త్రం రెండింట్లోనూ ప్రథమ శ్రేణి. చర్చిలో పెద్ద పదవి ఖాయమనుకుంటున్న దశలో 1927లో పుణెలోని క్రిస్త సేవా సంఘానికి వచ్చేశారు. మరుసటి ఏడాది సబర్మతి చూశారు. గాంధీకి దగ్గరయ్యారు, కాంగ్రెస్ పక్షాన నిలిచారు, బ్రిటిష్ ప్రభుత్వానికి కంట్లో నలుసయ్యారు. 1932లో మిత్రుడు షామ్‌రావ్ హివాలేతో కలిసి మండ్లా జిల్లాలోని కరంజియా అనే గోండు పల్లెలో స్థిరపడ్డారు. 1935 నాటికి చర్చిని వదిలేశారు.

గాంధీ నిర్మాణ కార్యక్రమంలో ఖద్దరు ఎంత ముఖ్యమో మద్యనిషేధమూ అంతే. కరంజియాలో ఆ రెండూ ఎల్విన్‌కు ఇబ్బంది తెచ్చిపెట్టాయి. పత్తి పండని కొండల్లో రాట్నం తిప్పమనడంలో అర్థం ఆయనకు కనిపించలేదు. ఇక సారా సంగతి. బిడ్డ పుడితే సారా, పెళ్లి కుదిరితే సారా, చావు ఇంట సారా. పితరులకూ దేవుడికీ ముందు నాలుగు చుక్కలు నేల మీద వదలందే ఎవరూ తాగరు. దాన్ని తీసేస్తే మిగిలేది మద్యం లేని ఊరు కాదని, తంతు జరగని ఊరని ఆయనకు అర్థమైంది.

అప్పటికే చట్టం ఆ కుండ మీద చెయ్యి వేసి చాలా కాలమైంది. వలస ప్రభుత్వానికి అబ్కారీ పెద్ద ఆదాయ వనరు. ఇంట్లో కాచుకునేవాడి నుంచి పైసా రాదు, వేలం పాడిన కాంట్రాక్టరు నుంచి వస్తుంది. కాబట్టి మొదటివాడు దొంగ, రెండోవాడు వ్యాపారి. తెలుగువాళ్లకు ఈ కథ కొత్తది కాదు. 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం ఇంటి కోసం గీసుకునే కల్లు మీద పడిన పన్ను, దాన్ని వసూలు చేసే కాంట్రాక్టర్ల ఆగడం. బస్తర్‌లో 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు చెప్పే కారణాల్లో అడవుల రిజర్వేషన్, వెట్టిచాకిరీతో పాటు సారా కాచుకోవడంపై ఆంక్షలు కూడా ఉన్నాయి.

1939లో వచ్చిన 'ది బైగా'తో ఎల్విన్‌కు మానవశాస్త్రవేత్తగా పేరొచ్చింది. ఆ తర్వాత బస్తర్ సంస్థానం ఆయన్ను గౌరవ ఎథ్నోగ్రాఫర్‌గా తీసుకుంది. ఉత్తరాన మురియాల మధ్య, దక్షిణాన బైసన్‌హార్న్ మరియాల మధ్య తిరిగారు. 1941లో 'లాస్ ఆఫ్ నెర్వ్' అనే చిన్న పుస్తకంలో బస్తర్ ఆదివాసులను పక్కనున్న సెంట్రల్ ప్రావిన్సెస్ ఆదివాసులతో పోల్చారు. పోడు, వేట, తమ సారా తాము కాచుకునే అలవాటు పోగొట్టుకున్నచోట మనిషి లోపల ఏదో విరిగిపోతుందన్నది అందులో ఆయన వాదన.

బస్తర్‌లో సారా ఒక్కటే లేదు. జీలుగ కల్లును అక్కడ సల్ఫీ అంటారు. బియ్యంతో చేసేది లాందా. బియ్యప్పిండిని ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి దంచిన గింజల పిండి కలిపి, కుండలో నీళ్లు పోసి కొన్ని రోజులు పులియబెడతారు. మొలకల్లోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి, ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాలు చేస్తుంది. బార్లీ బీరు వెనకున్న సూత్రమూ ఇదే. బార్లీని నల్లగా మాడేదాకా వేయించి కలిపితే నల్ల బీరు. ఇవాళ లండన్‌లో కిట్ కొనుక్కొచ్చి, మాల్ట్ పాకం, హాప్స్, ఈస్ట్ కలిపి, దుకాణంలో దొరికే గిన్నిస్ రుచి ఇంట్లో ఎందుకు రావడం లేదని తల పట్టుకునే మనిషి, బస్తర్ ఇల్లాలు చేసే పనే చేస్తున్నాడు. ఆయన కుండ అడుగున ధర్మామీటరు ఉంటుంది, అంతే తేడా.

ఎల్విన్ తాగుడును వెనకేసుకొచ్చారనడం తొందరపాటు. 1943లో వచ్చిన 'మరియా మర్డర్ అండ్ సూయిసైడ్' కోసం ఆయన 100 హత్య కేసులు పరిశీలించారు. తాగిన మైకం ఒక కారణమని దాచకుండా రాశారు. ఆస్తి తగాదాలు, అసూయ, చేతబడి భయం, అలసట కూడా చూపించి, అన్నిటినీ సారా నెత్తిన రుద్దడం కుదరదన్నారు. పులియబెట్టిన బియ్యం బీరును ఆయన తిండిలో భాగంగానే చూశారు.

విమర్శకులు ఊరుకోలేదు. ఆదివాసులను మ్యూజియంలో పెట్టాలనుకుంటున్నారని ఠక్కర్ బాపా వంటి సేవకులు, సామాజికవేత్త ఘుర్యే తప్పుపట్టారు. 'ది బైగా'లో నేషనల్ పార్క్ తరహా రక్షిత ప్రాంతాన్ని ప్రతిపాదించి ఆ విమర్శకు ఎల్విన్ స్వయంగా తావిచ్చారు. మనుషులకు ఆ పోలిక తగదు. అయితే సారా విషయంలో ఆయన ఒంటరి కాదు. 1948లో రాజ్యాంగ సభలో మద్యనిషేధం ఆదేశిక సూత్రంగా వచ్చినప్పుడు, అది ఆదివాసుల మతాచారంలో జోక్యమని జైపాల్ సింగ్ అభ్యంతరం చెప్పారు. అయినా 47వ అధికరణం నిలిచింది.

వ్యక్తిగత జీవితంలో ఎల్విన్ అంత ఉదారంగా లేరు. 1940లో గోండు పద్ధతిలో పెళ్లాడిన కోసీతో 1949లో విడాకులు తీసుకున్నారు. ఆత్మకథలో ఆమెకు దక్కిన చోటు చాలా తక్కువ. ఆదివాసీ స్త్రీ స్వేచ్ఛ గురించి అంత రాసిన మనిషి పుస్తకంలో ఈ వెలితి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కోసీ 2010 దాకా బతికారు. ఎల్విన్ తర్వాత లీలాను పెళ్లి చేసుకున్నారు.

1954లో భారత పౌరసత్వం తీసుకుని, నేటి అరుణాచల్ అయిన నేఫాలో ఆదివాసీ వ్యవహారాల సలహాదారుగా షిల్లాంగ్‌లో కుదురుకున్నారు. బియ్యం బీరు లేని ఇల్లు అరుదైన ప్రాంతమది. నెహ్రూ అండ ఉండటంతో, బస్తర్‌లో కాగితం మీద వాదించిన సంగతి ఇక్కడ పాలనలోకి తేగలిగారు. 1957లో 'ఎ ఫిలాసఫీ ఫర్ నేఫా' వచ్చింది, 1961లో పద్మభూషణ్. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో కన్నుమూశారు. ఆత్మకథకు సాహిత్య అకాడమీ పురస్కారం మరుసటి ఏడాది వచ్చింది.

ఆయన పోవడానికి ఏడాది ముందే బ్రిటన్ తన పౌరుల కుండను వదిలేసింది. ఇంట్లో బీరు కాచుకోవాలంటే 1880 నుంచి లైసెన్సు ఉండేది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని ఎత్తేశారు. కిట్ల వ్యాపారం ఊపందుకున్నది ఆ తర్వాతే. సారా బట్టీ పెట్టడానికి మాత్రం అక్కడ ఇప్పటికీ అనుమతి కావాలి. భారత ప్రభుత్వం 1970ల మధ్యలో ఆదివాసీ ప్రాంతాల అబ్కారీ విధానం మార్చింది. బయటి మద్యం దుకాణాలు తగ్గించాలని, ఇంటి అవసరానికి సంప్రదాయ పానీయాలు చేసుకోనివ్వాలని రాష్ట్రాలకు చెప్పింది. రెండో మాట కొంతవరకు అమలైంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆదివాసీ కుటుంబం 5 లీటర్ల దాకా ఇప్పసారా ఉంచుకోవచ్చు. మొదటి మాట సర్కారు ఖజానాకు గిట్టలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడింది కూడా ప్రభుత్వం ఊరూరా సరఫరా చేసిన సారా మీదే.

ఎల్విన్ కాపురమున్న కరంజియా ఇప్పుడు మధ్యప్రదేశ్‌లోని డిండోరీ జిల్లాలో ఉంది. 2022లో ఆ రాష్ట్రం ఇప్పసారాను హెరిటేజ్ లిక్కర్‌గా ప్రకటించి సీసాల్లో అమ్మే విధానం తెచ్చింది. తయారీకి ముందుగా ఎంచుకున్న జిల్లాల్లో డిండోరీ ఒకటి.