రిటైరయ్యాక కలం పట్టిన అలెక్స్ హేలీ

పెన్షనరు మిత్రులారా, సహవాసి గారు ‘ఏడు తరాలు’గా తెలుగు చేసిన ‘రూట్స్’ నవల రచయిత అలెక్స్ హేలీ కూడా మనలాగే ప్రభుత్వోద్యోగి. 1921లో పుట్టిన ఈ నల్లజాతి అమెరికన్ 1939లో కోస్ట్ గార్డులో భోజనశాల నౌకరుగా చేరారు. తోటి నావికులకు ప్రేమలేఖలు రాసిపెట్టేవారట! 20 ఏళ్ళ సర్వీసు ముగించుకొని, 1959లో రిటైరై, రచననే జీవనాధారం చేసుకున్నారు.

చిన్ననాడు అమ్మమ్మ చెప్పిన పూర్వీకుల ముచ్చట్లు పట్టుకొని పాత దస్తరాలు తిరగేశారు, ఆఫ్రికాలోని గాంబియా దాకా వెళ్ళారు. 1976లో నవల వెలువడింది. మరొకరి పుస్తకంలోని భాగాలు వాడుకున్నారని కేసు పడి, 1978లో రాజీ అయింది. వంశక్రమంలో తప్పులనూ పరిశోధకులు చూపారు. రికార్డులతో బతికిన గుమాస్తాను గనుక నాకది మింగుడుపడలేదు. అయినా పుస్తకం మూసేసరికి, మా ముత్తాత పేరు నాకు తెలియదని సిగ్గేసింది.

హేలీ 1992లో కన్నుమూశారు. ఎనభై దాటిన మా అక్కయ్య దగ్గర కూర్చుని నేనిప్పుడు పేర్లు రాసుకుంటున్నాను. మూడు తరాలే వచ్చాయి.