సర్ రోనాల్డు రాసు

దోమ మూలమున మలేరియా వ్యాపించునని లోకమునకు రుజువు చేసిన రోనాల్డు రాసు 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. తండ్రి సైన్యాధికారి. రాసు లండనులో వైద్యవిద్య నభ్యసించి, 1881లో ఇండియా వైద్యశాఖయందు ఉద్యోగమున బ్రవేశించెను.

కొంతకాలమునకు ఆయన బెంగుళూరులో నుండగా బంగళా యంతయు దోమలతో నిండియుండెను. వెదకిచూడగా, కిటికీచెంతనున్న నీళ్లతొట్టిలో దోమపిల్లలు కానవచ్చెను. తొట్టిని బోర్లింపగనే దోమలు తగ్గెను. తక్కిన తొట్లనుగూడ బోర్లింపవలెనని కోరగా, ప్రకృతిక్రమమునకు భంగము చేయరాదని యొక యధికారి నిరాకరించెను. దోమను నీటిలోనే నశింపజేయవలెనను తలంపు రాసునకు గలిగినది ఇట్లు.

1894లో లండనులో పాట్రిక్ మాన్సను అను వైద్యుడు, మలేరియాకు దోమలతో సంబంధ ముండవచ్చునను తన యూహను రాసునకు దెలిపెను. మరుసటి యేట రాసు సికింద్రాబాదు చేరెను. నడుమ ఇతర స్థలములకు బోవలసివచ్చినను పరిశోధనను విడువలేదు. రోగులను దోమలచే గుట్టించి, కాటున కొక అణా చొప్పున వారికిచ్చెడివాడు. కోసిన దోమలు గాలి కెగిరిపోవునని, వేసవియందును పంకా వేయనీయక, చెమట కార్చుచు సూక్ష్మదర్శనియందు జూచుచుండెడివాడు. తుదకు 1897 ఆగస్టు 20వ తేదీన, మచ్చల రెక్కలుగల యొక దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి కనబడెను. ఆ పని జరిగిన బేగంపేట భవనము నేటికిని నిలిచియున్నది. 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియా దోమకాటువలననే సంక్రమించునని ఆయన నిరూపించెను. 1902లో నోబెలు బహుమాన మాయనకు లభించెను.

కారణము తెలిసినంతమాత్రమున జ్వరము మానదు గదా! రాసు 1899లోను 1901లోను ఆఫ్రికాయందలి ఫ్రీటౌనునకు బోయెను. అచట పనివాండ్రచే నీటిగుంటలను పూడ్పించి, పూడ్ప వీలులేనివానిపై కిరసననూనె చల్లించెను. 1902లో సూయజుకాలువ చెంతనున్న ఇస్మాయిలియా నగరమునకు ఇట్టి యుపాయములనే బోధించెను. మరుసటి యేటికే అచట జ్వరపీడితుల సంఖ్య నాల్గింట మూడుపాళ్లకు పైగా తగ్గెను.

దోమపిల్ల నీటిలో బెరుగునదైనను ఊపిరికై నీటిపైకి రావలయును. పైని నూనెపొర యున్నచో గాలి యందక చచ్చును. కాని కిరసననూనె నీటిని చెరచును. అందలి చేపలకును హాని. కావున పిమ్మటి పరిశోధకులు గింజలనూనెలవైపు దృష్టి మరల్చిరి. మన పల్లెలలో దొరకు వేపగింజల నూనెకు మరియొక గుణముగూడ గలదు: అందలి అజాడిరాక్టిను అను పదార్థము దోమపిల్లను కుబుసము విడువనీయదు, అది రెక్కలదోమగా మారకయే నశించును. నూనె నీటితో గలియదు గనుక, కలియుటకు తగిన పదార్థమును జేర్చి వాడుదురు. 2009లో మనదేశపు పరిశోధకులు ఇట్టి వేపనూనె మిశ్రమమును పరీక్షించి, అది మలేరియాదోమల పిల్లలను నశింపజేయునని ప్రకటించిరి. అయినను త్రాగునీటిలో దీనిని పోయరాదు. ఆ పాత్రలపై మూతలుంచుటయే మేలు.

రాసు 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో మరణించెను. విద్యార్థులారా! ఆయన మొదట చేసినపని యొక తొట్టిని బోర్లించుట. ఆ పనికి ధనము వలదు, బిరుదము వలదు. మన యింటి పెరటిలో నిలిచిన నీటిని నేడే పారబోయుదము.